అక్టోబర్ 1: మన నల్లబల్ల మీద ఏం రాద్దాం?

నల్లబల్ల (తిరుపతి)
21 సెప్టెంబర్ 2025, ఉదయం 7:40

అందరికీ నమస్కారం. మా కాలనీ రీడింగ్‌రూమ్‌లో గుమ్మం పక్కన ఒక నల్లబల్ల ఉంది. రోజూ పొద్దున్నే 'చరిత్రలో ఈ రోజు' అని సుద్దముక్కతో నాలుగైదు విషయాలు రాస్తాం. అక్కడికొచ్చే వాళ్లలో ఎక్కువమంది గ్రూప్స్‌కీ, డీఎస్సీకీ చదివే పిల్లలు. బల్ల మీద రాసింది నేరుగా వాళ్ల నోట్సులోకి పోతుంది, అందుకే రాసే ముందు ఇక్కడ అడుగుతున్నాను.

అక్టోబర్ 1కి ఫోన్లో వెతికితే దొరికినవి ఇవి: 1908లో ఫోర్డ్ మోడల్ టీ కారు అమ్మకానికి వచ్చింది, 1949లో చైనా ప్రజా రిపబ్లిక్ ఏర్పడింది, 1960లో నైజీరియాకు స్వాతంత్ర్యం వచ్చింది, 1971లో ఫ్లోరిడాలో డిస్నీ వరల్డ్ తెరిచారు. అన్నీ నిజమైనవే. మన ప్రాంతానికి చెందింది మాత్రం ఒక్కటీ లేదు. మీకు తెలిసినవి చెప్పండి. వివరాలతో రాస్తే ఇంకా మంచిది.

గ్రూప్స్ కుర్రోడు (తిరుపతి)
21 సెప్టెంబర్, ఉదయం 8:15

సార్, మొదటి లైను వేరే ఆలోచనే లేదు. 1953 అక్టోబర్ 1, ఆంధ్ర రాష్ట్రం. రాజధాని కర్నూలు, ముఖ్యమంత్రి టంగుటూరి ప్రకాశం పంతులు, గవర్నర్ చందూలాల్ త్రివేది. మద్రాసు రాష్ట్రం నుంచి 11 జిల్లాలు వచ్చాయి. వాటిలో మన చిత్తూరు ఒకటి. దీన్ని వదిలేసి మోడల్ టీ రాస్తే ఎట్లా?

కర్నూలు ఆడపడుచు (తిరుపతి)
21 సెప్టెంబర్, మధ్యాహ్నం 1:05

ఈ తమ్ముడు చెప్పింది చూసి సంతోషమేసింది. నేను పుట్టింది కర్నూల్లో, మెట్టినిల్లు తిరుపతి. ఆ రోజు గురించి మా నాన్న చెప్పగా విన్నవి నాకు ఇంకా గుర్తున్నాయి. నెహ్రూ గారు కర్నూలుకొచ్చి కొత్త రాష్ట్రాన్ని ప్రారంభించారు. ఆఫీసులకు బిల్డింగులు లేవు. గుడారాలు వేసి, వాటి కిందే ఫైళ్లు పెట్టుకుని పని మొదలుపెట్టారు. చినుకు పడితే గుమాస్తాలు కాగితాల కట్టలను గుండెకు హత్తుకుని పరుగెత్తేవాళ్లని నాన్న చెప్పేవాడు. అప్పటికి ప్రకాశం గారికి 81 ఏళ్లు. ఆ వయసులో, ఖాళీ ఖజానాతో, గుడారాల ఊరిలో రాష్ట్రాన్ని నడపడానికి ఆయన ఒప్పుకున్నాడు. తర్వాత ఏడాది నవంబర్‌లోనే మద్యనిషేధం గొడవలో ఆయన ప్రభుత్వం పడిపోయింది. అది వేరే కథ.

అసలు ఈ రోజు రావడానికి ముందు పొట్టి శ్రీరాములు గారు మద్రాసులో 58 రోజులు నిరాహారదీక్ష చేసి 1952 డిసెంబర్ 15న ప్రాణం విడిచారు. నాలుగు రోజులకు, డిసెంబర్ 19న, నెహ్రూ ఆంధ్ర రాష్ట్రం ఇస్తామని ప్రకటించారు. బల్ల మీద అక్టోబర్ 1 రాసి శ్రీరాములు గారి పేరు రాయకపోతే ఆ లైను సగమే రాసినట్టు.

నాకు బాధనిపించే విషయం ఇంకొకటి ఉంది. నవంబర్ 1 అందరికీ తెలుసు. 1956లో తెలంగాణతో కలిసి ఆంధ్రప్రదేశ్ ఏర్పడిన రోజు. 2014లో తెలంగాణ వేరుపడ్డాక మనకు మిగిలిన పటం దాదాపుగా 1953 నాటి పటమే. ఈ రాష్ట్రానికి అసలు పుట్టినరోజు అక్టోబర్ 1 అని నా నమ్మకం. 2019 నుంచి ప్రభుత్వం మళ్లీ నవంబర్ 1నే అవతరణ దినంగా జరపడం మొదలుపెట్టింది. అక్టోబర్ 1ని ఎవరూ పట్టించుకోరు. మీ నల్లబల్ల అయినా పట్టించుకోవాలి.

గ్రూప్స్ కుర్రోడు
21 సెప్టెంబర్, మధ్యాహ్నం 1:30

అక్కా, "దాదాపుగా" అన్నారు కాబట్టి సరిపోయింది. భద్రాచలం డివిజన్ అప్పుడు తూర్పుగోదావరిలో ఉండేది, 1959లో ఖమ్మంలోకి పోయింది. పోలవరం ముంపు మండలాలు 2014లో తిరిగొచ్చాయి. ఎగ్జామ్‌లో ఇలాంటి చోటే మెలిక పెడతారు.

నగరి సరిహద్దు (నగరి)
21 సెప్టెంబర్, రాత్రి 9:20

మెలిక ఒక్క భద్రాచలంలోనే ఉందా? మన జిల్లాలో ఉన్న మెలిక గురించి ఎవరూ మాట్లాడరేం?

1953 అక్టోబర్ 1న ఆంధ్ర రాష్ట్రంలోకి వచ్చిన చిత్తూరు జిల్లాలో తిరుత్తణి కూడా ఉంది. సర్వేపల్లి రాధాకృష్ణన్ గారు పుట్టిన ఊరు. చదువుకోవడానికి ఆయన తిరుపతికి కూడా వచ్చారు. ఆ రోజుల్లో మా వైపు ఊళ్లలో ఏ ఇంటికి పోయినా రెండు భాషలూ వినిపించేవి. ఇప్పటికీ అంతే. అటుపక్క మా.పొ.శివజ్ఞానం గారి నాయకత్వంలో తిరుపతితో సహా తమిళనాడుకే రావాలని ఉద్యమం నడిచింది. ఇటుపక్క ఒక్క ఊరూ పోకూడదని పట్టుదల. చివరికి పటాస్కర్ గారి మధ్యవర్తిత్వంతో ఒప్పందం కుదిరి, 1960 ఏప్రిల్ 1న తిరుత్తణి మద్రాసు రాష్ట్రంలోకి పోయింది. బదులుగా చెంగల్పట్టు వైపు నుంచి సత్యవేడు ప్రాంతం మనకొచ్చింది.

మా అవ్వ పుట్టిల్లు తిరుత్తణి పక్క పల్లె. పెళ్లయి వచ్చినప్పుడు ఒకే జిల్లా. కొన్నేళ్లకు పుట్టింటికి పోవాలంటే రాష్ట్రం దాటాల్సి వచ్చింది. ఆడి కృత్తికకు కావడి మోసుకుని మా ఇంటివాళ్లు ఇప్పటికీ తిరుత్తణి కొండకు పోతారు. స్వామికి సరిహద్దు లేదు. రేషన్ కార్డుకు, పిల్లల బడికి, భూమి పత్రాలకు మాత్రం ఉంది. నా కోరిక ఒకటే సార్: 11 జిల్లాలు అని రాస్తే, చిత్తూరు పక్కన "తిరుత్తణితో కలిపి" అని రెండు మాటలు చేర్చండి.

నల్లబల్ల
22 సెప్టెంబర్, ఉదయం 6:50

తప్పకుండా చేరుస్తాను. ఇది నేను ఏ జాబితాలోనూ చూడలేదు. మీ అవ్వగారి మాట బల్ల మీద పట్టదు కానీ అడిగిన పిల్లలకు చెబుతాను.

వేదాంతం వద్దు (చిత్తూరు)
22 సెప్టెంబర్, ఉదయం 10:10

కర్నూలు ఆడపడుచు గారికి ఒక మాట. రాజధాని కర్నూలుకు ఊరికే రాలేదు. 1937 నవంబర్ 16న మద్రాసులో కాశీనాథుని నాగేశ్వరరావు గారి ఇల్లు 'శ్రీబాగ్'లో కోస్తా నాయకులు, సీమ నాయకులు కూర్చుని రాసుకున్న ఒడంబడిక అది. రాజధాని, హైకోర్టు రెంట్లో ఒకటి రాయలసీమకు, ఏది కావాలో సీమవాళ్లే కోరుకోవాలి అన్నారు. అందుకే రాజధాని కర్నూలుకు, హైకోర్టు గుంటూరుకు. మూడేళ్లు తిరిగేసరికి రాజధాని హైదరాబాద్‌కు పోయింది. సీమకు రాజధాని ఉన్నది ఆ మూడేళ్లే. అక్టోబర్ 1 అంటే సంబరం ఒక్కటే గుర్తురాదు మా ఇంట్లో. చేతికొచ్చింది చేజారిన సంగతి కూడా గుర్తొస్తుంది. రాసేవాళ్లు శ్రీబాగ్ పేరు వదలకండి.

కర్నూలు ఆడపడుచు
22 సెప్టెంబర్, ఉదయం 11:00

ఒప్పుకుంటాను అన్నా. మా నాన్న కూడా ఆ మాట చెప్పకుండా ఆ కథ ముగించేవాడు కాదు. అయినా ఒక్కటి మనకు మిగిలింది. 1954లో తిరుపతిలో శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయం వచ్చింది. ఆంధ్ర రాష్ట్రం ఏర్పడిన మరుసటి ఏడాదే. సీమలో లక్షలమంది చదువుకున్నారంటే ఆ యూనివర్సిటీ పుణ్యమే. మా ఇంట్లో ముగ్గురం అక్కడే చదివాం.

కొండకింద (అలిపిరి)
22 సెప్టెంబర్, రాత్రి 8:45

తిరుపతి వాళ్లకు అక్టోబర్ 1 అనగానే గుర్తొచ్చేది ఇంకొకటుంది. ఇంతసేపూ ఎవరూ ఎత్తలేదు. 2003.

బ్రహ్మోత్సవాల రోజులు. ప్రభుత్వం తరఫున స్వామివారికి పట్టువస్త్రాలు సమర్పించడానికి అప్పటి ముఖ్యమంత్రి చంద్రబాబు నాయుడు కొండకు బయలుదేరారు. అలిపిరి దాటి ఘాట్‌రోడ్డు ఎక్కుతుండగా పీపుల్స్‌వార్ నక్సలైట్లు పెట్టిన క్లెమోర్ మైన్లు పేలాయి. బుల్లెట్‌ప్రూఫ్ అంబాసిడర్ కారు నుజ్జయింది. గాయాలతో ఆయన బయటపడ్డారు. అదే కారులో ఉన్న మన శ్రీకాళహస్తి నాయకుడు, మంత్రి బొజ్జల గోపాలకృష్ణారెడ్డి గారికి కూడా గాయాలయ్యాయి.

ఆ సాయంత్రం మేం ఇంటి మేడ మీద ఉన్నాం. శబ్దం విని మొదట కొండ మీద బండరాయి దొర్లిందేమో అనుకున్నాం. తర్వాత సైరన్లు. ఊరంతా ఫోన్లు మోగుతూనే ఉన్నాయి. కొండ మీద మా బంధువులు ఉన్నారు, వాళ్ల సంగతి తెలిసేదాకా మా అమ్మ దీపం ముందు నుంచి లేవలేదు. గోవింద నామం వినిపించే దారిలో బాంబు పేలడం మా ఊరివాళ్లు అంతకుముందు ఊహించని విషయం. ఆ భయం చాలాకాలం పోలేదు. ఈరోజు అలిపిరి దగ్గర ప్రతి బండినీ, ప్రతి సంచినీ తనిఖీ చేస్తుంటే విసుక్కునే యాత్రికులకు ఆ సాయంత్రం గురించి చెప్పాలనిపిస్తుంది నాకు.

వేదాంతం వద్దు
22 సెప్టెంబర్, రాత్రి 9:10

ఇది బల్ల మీద వద్దు సార్. పార్టీల గొడవ మొదలవుతుంది. రీడింగ్‌రూమ్‌లో ప్రశాంతంగా చదువుకునే పిల్లల మధ్య ఎందుకు?

కొండకింద
22 సెప్టెంబర్, రాత్రి 9:25

పార్టీ మాట నేనెక్కడ ఎత్తానన్నా? మా వీధి చివర జరిగింది చెప్పాను. ఏ పార్టీ మనిషి ఆ కారులో ఉన్నా నేను ఇదే రాసేవాణ్ని. ప్రపంచంలో ఎక్కడో జరిగినవన్నీ రాసి, మన ఊరి దారిలో జరిగింది ఒక్కటి దాచిపెడితే ఆ బల్లకు అర్థమేముంది?

గ్రూప్స్ కుర్రోడు
22 సెప్టెంబర్, రాత్రి 9:50

ఎగ్జామ్ లెక్కన కూడా ఇది ముఖ్యం. ఆ తర్వాత నెలలోనే, 2003 నవంబర్‌లో, అసెంబ్లీని రద్దు చేశారు. 2004లో ముందస్తు ఎన్నికలు వచ్చాయి, ప్రభుత్వం మారింది, మే 14న వైఎస్ రాజశేఖరరెడ్డి ప్రమాణం చేశారు. అదే ఏడాది సెప్టెంబర్‌లో పీపుల్స్‌వార్, ఎంసీసీఐ అనే ఇంకో నక్సలైట్ సంస్థ కలిసి మావోయిస్టు పార్టీ అయ్యాయి. ఏం జరిగిందో మాత్రం రాసి, వ్యాఖ్యానం వదిలేస్తే గొడవ రాదు.

అవ్వచాటు పిల్ల (పాకాల)
22 సెప్టెంబర్, రాత్రి 10:05

రాయాలనే నా ఓటు. నేను 2003 తర్వాత పుట్టాను. ఆ తనిఖీ ఎప్పటి నుంచో అలాగే ఉందనుకున్నాను, ఎందుకో ఈరోజే తెలిసింది.

రీలు డబ్బా (చిత్తూరు)
23 సెప్టెంబర్, ఉదయం 9:30

చర్చ బరువెక్కింది కాబట్టి కాస్త సినిమా. అక్టోబర్ 1 మన చిత్తూరోళ్లకు రెండు భాషల్లోనూ పండగే.

1922 అక్టోబర్ 1న పాలకొల్లులో అల్లు రామలింగయ్య పుట్టారు. 1928 అక్టోబర్ 1న తమిళనాడులో శివాజీ గణేశన్ పుట్టారు. ఒకాయన నవ్వించి కడుపు నొప్పి పుట్టించేవాడు, ఇంకొకాయన ఏడిపించి జేబురుమాలు తడిపించేవాడు. అల్లు వారి మొదటి సినిమా గరికపాటి రాజారావు గారు తీసిన 'పుట్టిల్లు'. వచ్చింది 1953లో, ఆంధ్ర రాష్ట్రం వచ్చిన ఏడాదే. అక్కడి నుంచి వెయ్యికి పైగా సినిమాలు. లంచం అనే మాట పలకకుండా "ఆమ్యామ్యా" అంటే తెలుగువాళ్లందరికీ అర్థమయ్యేలా చేసిన మనిషి. హోమియో మందులు కూడా ఇచ్చేవారు. 1990లో పద్మశ్రీ.

శివాజీ గురించి చిత్తూరు, నగరి, కుప్పం వాళ్లకు చెప్పక్కర్లేదు. ఇక్కడ ఆయన సినిమాలు నేరుగా తమిళంలోనే చూసేవాళ్లం. మా నాన్నకు తమిళం చదవడం రాదు, ఆయన డైలాగులు మాత్రం గుక్క తిప్పుకోకుండా అప్పజెప్పేవాడు. తెలుగులోకి డబ్ అయినప్పుడు ఆయనకు గొంతు ఇచ్చింది కొంగర జగ్గయ్య. ఆ గొంతు, ఆ ముఖం కలిశాక అది ఇద్దరు మనుషులని ఎవరికీ తోచేది కాదు. 1960లో కైరోలో జరిగిన ఆఫ్రో ఆసియా చిత్రోత్సవంలో ఉత్తమ నటుడిగా ఎంపికయ్యారు. 1996 సంవత్సరానికి దాదాసాహెబ్ ఫాల్కే అవార్డు.

ఇంకో సంగతి. అల్లు వారి అల్లుడు చిరంజీవి 2008 ఆగస్టు 26న ప్రజారాజ్యం పార్టీని ప్రారంభించింది మన తిరుపతిలో. 2009లో మామగారి ఊరు పాలకొల్లులో ఓడిపోయి, తిరుపతిలో గెలిచారు. ఆ రోజు తిరుపతిలో జనం ఎలా ఉన్నారో చూసినవాళ్లు ఇప్పటికీ చెబుతారు.

ఎస్.డి.బర్మన్ పుట్టినరోజు కూడా అక్టోబర్ 1నే, 1906. ఆయన పాటలు రాత్రిపూట రేడియోలో వింటుంటే నిద్ర రాదు, ఆపబుద్ధీ కాదు.

నగరి సరిహద్దు
23 సెప్టెంబర్, ఉదయం 10:00

అన్నా, శివాజీ పేరు చెప్పి నా రోజు బాగు చేశారు. మా వీధిలో ఆయన పోయినప్పుడు, 2001 జులైలో, మగ్గాలు ఒక పూట ఆపేశారు.

మదనపల్లె మిట్ట (మదనపల్లె)
23 సెప్టెంబర్, సాయంత్రం 6:30

మమ్మల్ని వేరే జిల్లాలోకి పంపినా మేం చిత్తూరోళ్లమే, కాబట్టి మా లైను కూడా ఉండాలి. 1847 అక్టోబర్ 1న లండన్‌లో అనీబిసెంట్ పుట్టారు. దివ్యజ్ఞాన సమాజం అధ్యక్షురాలు, 1916లో హోంరూల్ లీగ్, 1917లో కాంగ్రెస్‌కు మొదటి మహిళా అధ్యక్షురాలు. ఇవి పుస్తకంలో ఉంటాయి.

మాకు ఆవిడ వేరే రకంగా తెలుసు. మదనపల్లెలో 1915లో మొదలైన దివ్యజ్ఞాన కళాశాల ఈరోజుకీ ఆమె పేరుతో ఉంది, బి.టి. కాలేజీ. సీమలో డిగ్రీ చదువంటే మద్రాసు పోవాల్సిన కాలంలో ఇక్కడ కాలేజీ వచ్చింది. 1919 ఫిబ్రవరిలో రవీంద్రనాథ్ టాగూర్ ఇక్కడికొచ్చి కొన్ని రోజులు ఉన్నారు. 'జనగణమన'కు ఇంగ్లిషు అనువాదం ఆయన స్వయంగా చేసింది ఇక్కడే. ప్రిన్సిపాల్ జేమ్స్ కజిన్స్ భార్య మార్గరెట్ కజిన్స్ ఆ పాటకు స్వరాలు రాసిపెట్టారు. మన ఊళ్లో బడి పిల్లలు పొద్దున్నే ఆ పాట పాడుతున్నప్పుడు, ఆ స్వరం కాగితం మీదికెక్కింది తమ ఊళ్లోనే అని ఎంతమందికి తెలుసు? నేను రాయమనేది అందుకే. ఆవిడ పెంచి పెద్దచేసిన జిడ్డు కృష్ణమూర్తి పుట్టింది కూడా మదనపల్లెలోనే, 1895లో.

షార్ బస్సు (సూళ్లూరుపేట)
24 సెప్టెంబర్, ఉదయం 7:15

2022 నుంచి మేం కూడా తిరుపతి జిల్లానే, మర్చిపోకండి. 1958 అక్టోబర్ 1న నాసా పని మొదలుపెట్టింది. దాన్ని దూరం దేశం సంగతని పక్కన పెట్టకండి. మొన్న జులై 30న మా శ్రీహరికోట నుంచి జీఎస్‌ఎల్‌వీ ఎఫ్16 మీద వెళ్లిన నైసార్ ఉపగ్రహం నాసా, ఇస్రో కలిసి చేసింది. అందులో ఒక రాడార్ వాళ్లది, ఒకటి మనది. భూమి ఎక్కడ కొంచెం కుంగినా, జరిగినా పసిగడుతుంది. సాయంత్రం 5:40కి లేచింది. మా మిద్దె మీద నుంచి పిల్లలంతా చూశారు. 1971 అక్టోబర్ 9న ఒక చిన్న రోహిణి రాకెట్‌తో మొదలైన చోటు అది.

బెల్లం మండీ (చిత్తూరు)
24 సెప్టెంబర్, మధ్యాహ్నం 2:20

అదే 1958 అక్టోబర్ 1న మన దేశంలో కిలోలు, గ్రాముల తూకం మొదలైంది. ఒక్కసారిగా కాదు, ప్రాంతాలవారీగా, సరుకులవారీగా 1962 దాకా సాగింది. మా తాత మండీలో వీశెలు, మణుగుల్లో బెల్లం తూచేవాడు. వీశె అంటే దాదాపు కిలో 400 గ్రాములు, ఎనిమిది వీశెలు ఒక మణుగు. కొత్త తూనికరాళ్లు వచ్చాక రైతులు నమ్మలేదట. పాత రాయి ఒకవైపు, కొత్త రాళ్లు ఇంకోవైపు పెట్టి చూపిస్తేగానీ బండి దించేవాళ్లు కాదట. బెల్లం దిమ్మల సైజు కూడా మార్చుకోవాల్సి వచ్చింది. రాజులు, యుద్ధాలు రాసే చోట ఇది కూడా రాయాలి, ఎందుకంటే ప్రతి ఇంటి వంటింట్లోకీ వచ్చిన మార్పు ఇది.

అవ్వచాటు పిల్ల
24 సెప్టెంబర్, మధ్యాహ్నం 2:45

ఇది నాకు అన్నింటికంటే నచ్చింది.

గ్రూప్స్ కుర్రోడు
24 సెప్టెంబర్, మధ్యాహ్నం 3:00

చిన్నవి కొన్ని, చోటుంటే రాయండి: 1854లో దేశమంతటికీ చెల్లే తపాలా బిళ్లలు వచ్చాయి. 1975లో మనీలాలో మహమ్మద్ అలీ, జో ఫ్రేజియర్ బాక్సింగ్, 14 రౌండ్ల తర్వాత ఫ్రేజియర్ శిబిరం ఆపేసింది. 2022లో ఢిల్లీలో 5జీ ప్రారంభం. జాతీయ స్వచ్ఛంద రక్తదాన దినం కూడా ఆరోజే, రుయా ఆసుపత్రి వైపు పోయే పిల్లలకు పనికొస్తుంది.

కొండకింద
24 సెప్టెంబర్, రాత్రి 8:00

ఈసారి అక్టోబర్ 1 కొండ మీద రథోత్సవం కూడా. తిథిని బట్టి ఏటా మారుతుంది కాబట్టి చరిత్రలో రాయక్కర్లేదు. పైన ఒక మూలన "నేడు రథోత్సవం" అని రాస్తే చాలు.

నల్లబల్ల
25 సెప్టెంబర్, ఉదయం 6:40

అందరి మాటా చదివాను. మొదటి లైను ఆంధ్ర రాష్ట్రం, శ్రీరాములు గారి పేరుతో, శ్రీబాగ్‌తో, తిరుత్తణితో. రెండోది అలిపిరి. వేదాంతం వద్దు గారూ, మీ ఆందోళన అర్థమైంది. జరిగింది జరిగినట్టు ఒక్క వాక్యం, అంతే రాస్తాను. తర్వాత అనీబిసెంట్, మదనపల్లె. తర్వాత తూకాలు, నాసా ఒకే లైన్లో, ఒకే ఏడాది ఒకే రోజు కాబట్టి. అల్లు, శివాజీ చివరి లైన్లో పక్కపక్కన. మోడల్ టీ, డిస్నీ ఈసారికి ఆగుతాయి.

ఒక్క సందేహం. 11 జిల్లాలతో పాటు బళ్లారి నుంచి మూడు తాలూకాలు కూడా వచ్చాయని మా ఫ్రెండ్ అంటున్నాడు. పేర్లు ఎవరైనా చెబుతారా?

వేదాంతం వద్దు
25 సెప్టెంబర్, ఉదయం 7:05

ఆదోని, ఆలూరు, రాయదుర్గం. మూడూ రాయండి సార్, ఒక్కటి కూడా వదలకండి. అలిపిరి లైను ఒక్క వాక్యమే అన్నారు కాబట్టి నాకు అభ్యంతరం లేదు.